ఎడమ చెయ్యి

కజమి రేవు
మే నెల

అక్కా,

బదిలీ మీద వచ్చిపడ్డ నీ చెల్లెలు ఇంకా బతికే ఉంది, కంగారుపడకు. ఇల్లు దొరికింది. కిటికీ తెరిస్తే చేపలు ఎండబెట్టే దండేలు, మూస్తే వాటి వాసన. కొండ దాటి ఇటు రావడమంటే మన వైపు వాళ్ళకి దేశం దాటినట్టేనని ఊరికే అనలేదు. ఇక్కడ మిసో చారులో ఉప్పెక్కువ, మాటలో మర్యాద తక్కువ. పచారీ కొట్టు ముసలాయన మొదటిరోజే, "సైన్సు టీచరంటే నువ్వేనా? సన్నగా ఉన్నావే, సముద్రపు గాలికి ఎగిరిపోతావ్, జేబులో రాళ్ళేసుకో" అన్నాడు.

అమ్మ ఇచ్చిన పాత కరెంటు గడియారం ఇక్కడికొచ్చాక పిచ్చెక్కినట్టు పరిగెత్తడం మొదలెట్టింది. లారీలో దెబ్బ తగిలినట్టుంది. దాన్ని నమ్ముకుని మొదటివారమే ఎవరూ లేని బడికి వెళ్ళి గేటు ముందు నిలబడ్డాను. పిల్లలకి చెబితే ఒకటే నవ్వు. దాన్ని పారేశాను, అమ్మకి చెప్పకు.

ఇక అసలు సంగతి. మార్కుల పట్టికలో మీ విద్యా కేంద్రం పెట్టిన కొత్త గడి, "ఆసక్తి, పట్టుదల, వైఖరి", ఇక్కడ అందర్నీ వణికిస్తోంది. అక్టోబరులో పెద్దలొచ్చి చూసే పరిశీలన పాఠం నా నెత్తిన పడింది. సీనియర్ టీచరు ఒబతా గారు నన్ను పక్కకి పిలిచి చిట్కా చెప్పారు. "అందరిచేతా చెయ్యెత్తించమ్మా. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. నువ్వు కుడిచేతుల్నే పిలువు. చూడ్డానికొచ్చినవాళ్ళు మురిసిపోతారు." నవ్వాగలేదు నాకు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఈ బడిలో ఆఖరిదైన మూడో ఏడాది తరగతిలో ఇసోబె చిజురు అని ఒకమ్మాయి ఉంది. చేతులు ఒళ్ళోంచి లేవవు. నోట్లో నాలుక లేదనుకున్నాను. నిన్న తరగతయ్యాక వచ్చి, "టీచర్, అయిదేళ్ళ టెక్నికల్ కాలేజీకి బడి సిఫార్సు మీద వెళ్ళాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. సిఫార్సుకి సైన్సులో, అందులోనూ నీ కొత్త గడిలో, "ఏ" గ్రేడు ఉండాలట. చెయ్యెత్తని పిల్లకి "ఏ" ఎలా వెయ్యనక్కా? చెప్పు.

నీ తొమోయె


జిల్లా విద్యా కేంద్రం
జూన్ నెల

తొమోయెకి,

నీ ఉత్తరం అన్నాల దగ్గర చదివితే మీ బావ పొలమారేదాకా నవ్వారు. గడియారం పారేసిన సంగతి అమ్మకి చెప్పనులే, ఊరికే మాత్రం కాదు, ఆ ఎండుచేపలు పంపు.

నా గడిని వెక్కిరించకే. పరీక్ష మార్కుల తక్కెడలో పిల్లల్ని తూచే రోజులు పోవాలని ఎంతమందితో పోట్లాడానో నీకు తెలీదు. అడిగే పిల్ల, తప్పు వచ్చినా మళ్ళీ ప్రయత్నించే పిల్ల, పక్కవాడికి సాయం చేసే పిల్ల, వీళ్ళకి కాగితం మీద చోటు ఉండాలనే ఆ గడి పుట్టింది. అయితే మనసులోకి తొంగిచూసే యంత్రం మన దగ్గర లేదు. బయటికి కనిపించేదే రాయగలం. కనిపించేది చెయ్యే. ఆ చిజురుకి చెయ్యెత్తడం నేర్పు. అదీ చదువే.

పరిశీలన పాఠానికి నేనూ వస్తున్నాను, వెనక కూచుంటాను. నీ తరగతి నా పుస్తకంలోకి ఎక్కుతుంది. "సైన్సు పాఠాల్లో వైఖరి: ఉపాధ్యాయులకు మార్గదర్శి". ఇది బయటికొస్తే ఈ కేంద్రంలో విభాగాధిపతి కుర్చీలో మొదటి ఆడదాన్ని నేనే అవుతాను. పరువు తియ్యకు.

పాఠం కాగితం మేమే అచ్చువేసి అన్ని బళ్ళకీ పంపుతున్నాం. నీకు చెప్పక్కర్లేదు గానీ, ఆఫీసులో చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది: బరువు కిందికి పడుతుంటే దాని వెనక కాగితం పట్టీ సాగుతుంది, కరెంటు యంత్రం దాని మీద చుక్కలు కొడుతుంది. అయిదేసి చుక్కలకి ఒక ముక్క కత్తిరించాలి. ఒక్కో ముక్క సెకనులో పదోవంతు. ముక్కల పొడవుల్ని బట్టి సెకనుకి వేగం ఎంత పెరుగుతోందో లెక్కకడితే పాఠ్యపుస్తకంలో ఉన్న తొమ్మిది పాయింట్ ఎనిమిదికి దగ్గరగా రావాలి. తేలికైన పాఠం. పిల్లలు సంతోషంగా కనిపిస్తారు.

వేళకి తిను.
మిసావో


కజమి రేవు
సెప్టెంబరు

అక్కా,

తుఫాను వెళ్ళింది, కప్పు ఉంది. ఎండుచేపలు పంపాను. బావగారిని ముళ్ళు చూసుకుని తినమను, ఈసారి నవ్వించే ఉత్తరం రాయట్లేదులే.

చివరికి ఒబతా గారి చిట్కా ప్రకారమే చేతులెత్తడం సాధన చేస్తున్నాం. సైన్సు పాఠమో డ్రిల్లో తెలియడంలేదు. చిజురు ఎట్టకేలకి చెయ్యెత్తింది, కానీ ఎప్పుడూ ఎడమదే! నిన్న పిలిచి అడిగాను.

"జవాబులు నీకు వచ్చు కదే. ఎడమ చెయ్యి ఎత్తుతావేం?"

"పూర్తిగా తెలీదు కదా టీచర్."

"మరి మిగతావాళ్ళకి పూర్తిగా తెలుసంటావా?"

"వాళ్ళ సంగతి నాకేం తెలుసు? నేను ఒక్కసారే కొలిచాను. ఇంకోసారి కొలిచాక కుడి చెయ్యి ఎత్తుతాను."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో సైన్సంటే ఏమిటో నాకు ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. సాయంత్రాలు ప్రయోగశాల తాళం దానికే ఇస్తున్నాను. ఒకే పని మళ్ళీమళ్ళీ చేస్తుంది, విసుగు లేదు. అంకె మారితే మొహం వెలిగిపోతుంది. మారినందుకు! తక్కిన పిల్లలు రబ్బరు తీసి చెరిపేసేది అక్కడే.

దానికి మాట ఇచ్చాను. "పరిశీలన రోజున నీకు ఏ అంకె వస్తే అదే చెప్పు. పుస్తకంతో కలవకపోయినా సరే. నేనున్నాను." నీ గడి పుట్టింది ఇలాంటి పిల్ల కోసమే కదా. వచ్చి కళ్ళారా చూడు.

మీరు పంపిన కాగితం ప్రకారం నేనొకసారి చేసి చూశాను. అంకె బాగా తక్కువొచ్చింది. యంత్రం పాతది, పట్టీ పట్టేస్తోంది కాబోలు. నూనె వేశాను. ఆ రోజుకి సర్దుకుంటుందిలే.

తొమోయె


కజమి రేవు
అక్టోబరు

అక్కా,

స్టేషన్లో నీతో మాట్లాడదామని పరిగెత్తుకొచ్చాను. రైలు ఎక్కేశావు. కిటికీలోంచి చూసి కూడా చూడనట్టు ఊరుకున్నావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నువ్వూ ఉన్నావు, అయినా నా వైపునుంచి చెప్పనీ. మొదటి జట్టు తొమ్మిది పాయింట్ ఏడు అంది. రెండో జట్టు తొమ్మిది పాయింట్ ఆరు. గోడవారగా ఉన్న పెద్దలందరూ తలలాడించారు. అప్పుడు ఎడమ చెయ్యి ఒకటి లేచింది. ఎడమచేతుల్ని పిలవకూడదు. పిలిచాను. మాట ఇచ్చాను కదా.

"ఆరు పాయింట్ ఏడు" అంది చిజురు. ఎవరో కిసుక్కుమన్నారు. అది అక్కడితో ఆగితే బాగుండేది. "మళ్ళీ మళ్ళీ చేశాను టీచర్, అంతే వస్తోంది. వాళ్ళ పట్టీల పక్కన నాది పెట్టి చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాళ్ళకి తొమ్మిది ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు." నిజంగానే అర్థంకాక అడిగిందక్కా, ఎవరినీ పట్టివ్వాలని కాదు. పుస్తకంలో చూసి అంకె రాసుకున్న పిల్లలు తేలుకుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు.

తర్వాత సమీక్షలో, పరిశీలకుల్లో ఆ బట్టతల పెద్దమనిషి ఏమన్నాడు? "ఈ అమ్మాయిలో సహకార భావం లేదు. తోటివాళ్ళ ఆనందాన్ని చెడగొట్టింది. వైఖరి, సీ." నువ్వు ఆయన పక్కనే ఉన్నావు. కలం మూత తీశావు, పెట్టావు. నీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

సరే, ఇప్పుడు విను. ఇవాళ చిజురు నా దగ్గరికొచ్చి, "టీచర్, మీరు పారేసిన గడియారం గంటకి ఎంత ముందుకు పోయేది?" అంది. పన్నెండు నిమిషాలన్నాను. అది గోడకున్న ప్లగ్గు వైపు చూపించింది. "యాభైకి అరవై, టీచర్."

దేశంలో సగం ఊళ్ళకి కరెంటు సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుందనీ, మిగతా సగానికి అరవైసార్లనీ అయిదో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ గీత మన జిల్లా కొండ మీదుగానే పోతోందని నాకు తట్టలేదు, మీకూ తట్టలేదు. గడియారం పరిగెత్తింది అందుకే. కరెంటు ఎన్నిసార్లు కొట్టుకుంటే యంత్రం అన్ని చుక్కలు కొడుతుంది: కొండవతల సెకనుకి యాభై, ఇక్కడ అరవై. ఇక్కడ ఆరేసి చుక్కలకి కత్తిరించాలి. అలాగే కత్తిరించాం. తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. దొంగ అంకె కాదు, కొలిచిన అంకె. ఆ పిల్ల మొహం నువ్వు చూడాల్సింది.

అక్కా, తప్పు మీ కాగితంలో ఉంది. ఆ సీ తీసేయించు. సిఫార్సు పట్టిక డిసెంబరులో కడతారు.

తొమోయె


జిల్లా విద్యా కేంద్రం
నవంబరు

తొమోయెకి,

ఇక్కడ చలి మొదలైంది. అక్కడ గాలి ఇంకా ఎక్కువ ఉంటుంది, మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకో.

కాగితం విషయం సంబంధిత విభాగానికి తెలియజేశాను. పరిశీలకుల నివేదిక ఇప్పటికే కుట్టు వేసి పై ఆఫీసుకి వెళ్ళింది. అందులో మార్పులు చేసే ఆచారం లేదు. ఆ సీ అంకె గురించి వేసింది కాదు, చెప్పిన తీరు గురించి వేసింది. ఈ రెంటినీ కలపకు.

నువ్వు ఎలాగూ ఊరుకోవు కనుక ఒక దారి చెబుతాను. పాము చావకుండా కర్ర విరగకుండా పోయే దారి. ఆ అమ్మాయి చేత ఆత్మవిమర్శ వ్యాసం ఒకటి రాయించు. "ఇకపై తోటివారితో కలిసిమెలిసి నేర్చుకుంటాను" అని ఒక పేజీ చాలు. వైఖరిలో మార్పు వచ్చిందని మీ హెడ్మాస్టరు గడి మార్చవచ్చు. దానికి నిబంధన ఉంది. నేనే పెట్టించాను.

స్టేషన్లో నిన్ను చూశాను. పక్కన ఆ పెద్దమనిషి ఉన్నారు.

మిసావో


కజమి రేవు
డిసెంబరు

అక్కా,

మీ కొత్త కాగితం నిన్ననే బడికి వచ్చింది. "కొండకు పడమటివైపు బడులలో ఆరేసి చుక్కలకు కత్తిరించవలెను." ఎంత చక్కగా అచ్చువేశారు! ఎవరు చెబితే తెలిసిందో ఒక్క ముక్క లేదు. దాని మాట మీ కాగితం మీదికి ఎక్కింది, దాని పేరు మీద మాత్రం సీ అలాగే ఉంది. సిగ్గుగా లేదా అక్కా? నాకైతే ఉంది, అది చేతికి తీసుకోవడానికే.

నువ్వు చెప్పిన దారిలోనూ నడిచాను. హెడ్మాస్టరు సంబరపడ్డారు. "దివ్యంగా ఉంది. కూచోబెట్టి రాయించండి." తెల్లకాగితం నేనే పట్టుకెళ్ళి చిజురు ముందు పెట్టాను. నా ఈ చేతులతోనే.

అది పెన్సిలు చెక్కుకుని సిద్ధంగా కూచుంది. మంకుపట్టు లేదు, ఏడుపు లేదు. "ఏం తప్పు చేశానని రాయాలి టీచర్? మీరు చెప్పండి, రాస్తాను."

"తప్పని కాదు... ఇకమీదట అందరితో కలిసి..."

"అందరితో కలిసి తొమ్మిది పాయింట్ ఏడు అనాల్సిందా?"

కాగితం దాని వైపు ఇంకాస్త జరిపాను. అది తలెత్తింది. "మీరు చెప్పమన్నారు కదా టీచర్, ఏ అంకె వస్తే అదే." ఆ మాట నిష్ఠూరంగా కూడా అనలేదు, మరిచిపోయానేమోనని గుర్తుచేసినట్టు అంది. తర్వాత వంగి ఏదో రాసింది. చూస్తే, ప్రయోగం మొదటినుంచి చివరిదాకా, ఎక్కడ ఎందుకు తేడా వచ్చిందో, వరసగా రాసింది. నా చదువులో ఇంత శుభ్రంగా నేనెప్పుడూ రాయలేదు. హెడ్మాస్టరు చదివి, "ఇందులో విమర్శ ఉంది గానీ ఆత్మ ఎక్కడుంది?" అని నవ్వి వెనక్కిచ్చేశారు.

సిఫార్సు పట్టిక ఈ వారాంతంలో మూసేస్తారు. మీ కేంద్రం నుంచి ఒక్క వాక్యం వస్తే చాలు, ఈయన తోకాడిస్తూ గడి మారుస్తాడు. "ఆ రోజు విద్యార్థిని చెప్పిన అంకె సరైనదే, కాగితంలో పొరపాటు ఉంది." అంతే. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క వాక్యం రాయక్కా.

తొమోయె


జిల్లా విద్యా కేంద్రం
జనవరి

తొమోయెకి,

కొత్త సంవత్సరం మంచిగా గడవాలి. మోచి బియ్యపుముద్దలు పంపుతున్నాను, కాల్చుకు తిను, గొంతుకి పట్టకుండా చూసుకో. విభాగాధిపతిగా ఉత్తర్వులు వచ్చాయి. అమ్మ శుభకార్యానికి వండినట్టు ఎర్రబియ్యం వండింది. నీ కోసం వాకిలి వైపు చూస్తూనే ఉంది. నువ్వు రాలేదు.

నీ ఉత్తరం వేళకే అందింది. ఆ వాక్యం రాశాను. సంతకం కూడా పెట్టాను. పై ఆఫీసుకి పంపే ట్రేలో వేసి, సాయంత్రం మళ్ళీ తీసేశాను. కాగితం తప్పని ఒప్పుకుంటే ఆ కాగితం మీద నడిచిన పాఠాలన్నీ తప్పవుతాయి. పుస్తకం ఆగిపోతుంది. పుస్తకం ఆగితే గడి ఎత్తేస్తారు, మళ్ళీ మార్కుల తక్కెడే. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. కుర్చీ సంగతి చెప్పుకోలేదు. నువ్వు చెబుతావు కనక నేనే రాస్తున్నాను, అదీ ఉంది.

ఆ రోజు ఆ పిల్ల ఆరు పాయింట్ ఏడు అనగానే నాకు అనుమానం వచ్చింది. చిన్నప్పుడు కొండ దాటి పెద్దత్త ఇంటికి వెళ్ళినప్పుడు, మోసుకెళ్ళిన మన కరెంటు గ్రామఫోను చిలకలా కీచుమని పాడటం గుర్తుందా? అదే గుర్తొచ్చింది. చెయ్యి ఒళ్ళోనే పెట్టుకు కూచున్నాను. నన్ను తిట్టు, ఫర్వాలేదు.

ఇంకొకటి. అడగడానికి మొహం చెల్లడంలేదు, అయినా ఉద్యోగం. పుస్తకం అట్టమీదికి తరగతి ఫోటో కావాలి. పైవాళ్ళు నీ తరగతినే ఎంచారు. ఫిబ్రవరిలో ఫోటోగ్రాఫరు వస్తాడు. కాదనకు.

మిసావో


కజమి రేవు
మార్చి

అక్కా,

ఎండుచేపలు పంపుతున్నాను. ఇవే చివరివి. ఏప్రిల్లో నన్ను మళ్ళీ బదిలీ చేశారు, ఎక్కడికైతే ఏం.

చిజురుకి సిఫార్సు రాలేదు. రాతపరీక్షకైనా కూచోమని వాళ్ళింటికి వెళ్ళి మరీ బతిమాలాను. "అక్కడా ఆ గడి చూస్తారట కదా టీచర్. వద్దులెండి" అంది. టీ ఇచ్చింది, వాకిలిదాకా వచ్చి సాగనంపింది. ఈ రేవులోనే హైస్కూల్లో కుట్టుపనీ వంటా నేర్పే తరగతిలో చేరుతోంది. ప్రయోగశాల తాళం తనంతట తనే తెచ్చి నా బల్లమీద పెట్టి వెళ్ళింది.

నీ ఫోటోగ్రాఫరు వచ్చాడు. బల్లలమీద యంత్రాలూ బరువులూ అందంగా సర్దించాడు. వైర్లు ఫోటోలో అసహ్యంగా పడుతున్నాయని ప్లగ్గులు తీయించాడు. "టీచర్ గారూ, ఏదో ఒకటి అడగండి, పిల్లలు చెయ్యెత్తాలి" అన్నాడు. కిందికి పడే వస్తువు వేగం సెకనుకి ఎంత పెరుగుతుందని అడిగాను. ఇంకేదీ నోటికి రాలేదు.

అందరి చేతులూ లేచాయి. ముందు వరసలో చిజురు. కుడి చెయ్యి.

ఫోటో తీయడం అయ్యేదాకా ఆగాను. తర్వాత పిలిచాను.

"తొమ్మిది పాయింట్ ఎనిమిది, టీచర్" అంది లేచి నిలబడి, గొంతెత్తి, అక్షరం తడబడకుండా. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక అడిగాను. "ఇవాళ కొలిచావా?"

"ఎలా కొలుస్తాను టీచర్? ప్లగ్గులే లేవుగా."

"మరి కుడి చెయ్యి ఎత్తావేం?"

నా వైపు కాస్త జాలిగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలని మీరే కదా చెప్పారు. నాకిప్పుడు తెలుసు టీచర్." నవ్వింది కూడా. కోపంగా అన్నా బతికిపోయేదాన్ని అక్కా. నన్ను తిట్టినా, బల్ల తన్నినా, ఇంటికొచ్చి ఇంత అన్నం తినేదాన్ని.

పుస్తకం అచ్చయ్యాక నీ బల్లమీద ఉంటుంది. అట్ట చూడు. ముందు వరసలో ఎడమనుంచి రెండో అమ్మాయి, బాగా నవ్వుతున్నది, అదే చిజురు. నువ్వు గుర్తుపట్టకపోవచ్చు, ఆ రోజు అది నవ్వలేదు.

మూడో విడత మార్కులు ఏ కాలేజీ చూడదు. అయినా గడి ఖాళీగా వదలకూడదు కదా. నీ పుస్తకం చిత్తుప్రతి ముందు పెట్టుకుని ఒక్కో అంశం సరిచూశాను. చెయ్యెత్తింది. తోటివాళ్ళతో కలిసింది. సంతోషంగా కనిపించింది. వంకపెట్టడానికి ఏమీ దొరకలేదు.

చిజురుకి వైఖరిలో "ఏ" వేశాను.

తొమోయె